బీచ్ దగ్గర ఇల్లు వెతికే వరంగల్ వాళ్లకు: మూడో వీధి నుంచి చూడండి

ఒకప్పుడు మన వైపు నుంచి బతుకుదెరువుకు పోవడమంటే సూరత్, భివండి, బొంబాయి. ఇప్పుడు పిల్లలు ఐటీ ఉద్యోగాలకో, ఫార్మా కంపెనీలకో, బ్యాంకు బదిలీల మీదనో వైజాగ్‌కు, చెన్నైకి వెళ్తున్నారు. వెళ్లే ముందు దాదాపు అందరూ అడిగేది ఒకటే మాట: "బీచ్ పక్కన ఇల్లు దొరుకుతదా? నడుచుకుంట పోయేటట్టు?" చెరువు కట్టల మీద నడక అలవాటైనవాళ్లం మనం, భద్రకాళి బండ్ మీదనో వడ్డేపల్లి కట్ట మీదనో సాయంత్రం కాసేపు తిరిగితే తప్ప రోజు గడిచినట్టు ఉండదు, అలాంటివాళ్లకు ఏకంగా సముద్రమే వీధి చివర ఉంటుందంటే ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది. ఆ ఆశ మంచిదే. కాకపోతే అందులో రెండు వేరువేరు కోరికలు కలిసిపోయి ఉన్నాయి: సముద్రానికి దగ్గరగా ఉండటం ఒకటి, బండి తీయకుండా రోజు గడవడం ఇంకొకటి. ఈ రెండూ ఒకే ఇంట్లో దొరకడం అనుకున్నంత సులువు కాదు. ఎందుకు కాదో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

లెక్క చిన్నదే. పాలకో మందులకో మనిషి విసుగు లేకుండా నడిచేది 400 నుంచి 800 మీటర్లు, అంటే ఐదు నుంచి పది నిమిషాలు. మీ ఇంటి చుట్టూ 800 మీటర్ల గిరి గీస్తే లోపల సుమారు 2 చదరపు కిలోమీటర్ల జాగా వస్తుంది. హనుమకొండ చౌరస్తా దగ్గర ఇల్లుంటే ఆ గిరి నిండా దుకాణాలు, బడులు, దవాఖానాలే. అదే ఇల్లు సరిగ్గా సముద్రం ఒడ్డున ఉంటే గిరిలో సగం నీళ్లు, మీ కాళ్లకు మిగిలేది 1 చదరపు కిలోమీటరు. దుకాణం పెట్టేవాళ్లకూ ఇదే లెక్క. ఒడ్డున కిరాణం పెడితే గిరాకీ ఒక వైపు నుంచే రావాలి, కిరాయి మాత్రం ఎక్కువ కట్టాలి. అందుకే బీచ్ రోడ్డు మీద ఐస్‌క్రీం, కాల్చిన మక్క కంకులు, మురీ మిక్చర్, పెద్ద హోటళ్లు కనిపిస్తాయి గానీ కిరాణం, మెడికల్ షాపు, ఇస్త్రీ బండి, టైలరు, పిండి గిర్ని అన్నీ లోపలి రోడ్డు మీదే ఉంటాయి. జొన్నరొట్టె తినే ఇంటికి గిర్ని ఎంత దూరమన్నది చిన్న విషయం కాదు.

మా తమ్ముడికి వైజాగ్ బదిలీ అయినప్పుడు మోకాళ్ల నొప్పులున్న మా చిన్నమ్మ కూడా వాడితోపాటు వెళ్లాల్సి వచ్చింది. వాడు ఫోన్లో ఫ్లాట్ల ఫొటోలు చూపిస్తుంటే, ప్రతి బాల్కనీలోంచీ సముద్రమే, ఆమె కళ్లద్దాలు సర్దుకుని ఒక్క మాట అన్నది: "సముద్రం ఏడికి పోదు బిడ్డా, పాల ప్యాకెట్ ఏడ దొరుకుతదో చూడు ముందుగాల." ఇల్లు వెతికే ఎవరికైనా నేను చెప్పేది ఇదే. బీచ్‌కు రోజుకు ఒకసారి వెళ్తారు, అదీ కుదిరిన రోజున. కిరాణానికి, కూరగాయలకు, బస్టాపుకు, పిల్లల బడికి నాలుగైదు సార్లు తిరగాలి. నాలుగైదు సార్లు నడిచే పనులు ఇంటికి దగ్గరగా ఉండి, ఒక్కసారి నడిచే బీచ్ పదిహేను నిమిషాల దూరంలో ఉన్నా పర్వాలేదు. తిరగేస్తే మాత్రం మళ్లీ బండి, మళ్లీ పెట్రోలు, బాల్కనీలో కూర్చుని చూసే సముద్రం.

కాబట్టి నా సలహా మొదటి వరస వదిలేసి మూడో నాలుగో వీధి నుంచి, అంటే ఒడ్డుకు అర కిలోమీటరు లోపలి నుంచి వెతకమని. దీనికి ఇంకో గట్టి కారణం ఉప్పుగాలి. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో కలిసి ఒడ్డున ఉన్న ఇళ్ల మీద ఉప్పుగా పేరుకుంటుంది, ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే ఇది బాగా తగ్గిపోతుంది. మొదటి వరస ఇంట్లో కిటికీ గ్రిల్లు పట్టుకుంటే చేతికి పొడిలా తుప్పు అంటుకుంటుంది, బండి చైను నెల తిరక్కుండానే ఎర్రబడుతుంది, ఏసీ బయటి యూనిట్‌లో రేకులు తినేసి గ్యాసు లీకవుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గోడల రంగు కాదు, గ్రిల్లుల కింది అంచులు, టెర్రస్ మీద ఏసీ యూనిట్లు, లిఫ్టు తలుపు కింది భాగం చూడండి. ఆ ఇంటి మీద ఉప్పు ఎంత పని చేసిందో అక్కడ తెలుస్తుంది. కిటికీలు తుప్పు పట్టని యూపీవీసీ ప్లాస్టిక్‌వి అయితే కొంత నయం.

ఇప్పుడు వైజాగ్ సంగతి. సిటీ పాత భాగం నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు ఒకటే అయినా దాని పొడవునా ఉన్న పేటలన్నీ ఒకటి కావు. ఆర్కే బీచ్ వెనకే ఉన్న పాండురంగాపురం, దానికి దక్షిణంగా కలెక్టరాఫీసు, కేజీహెచ్ అనే పెద్ద సర్కారు దవాఖానా ఉన్న మహారాణిపేట పాత కాలపు పేటలు. వీధులు ఇరుకు, ఇళ్లు పాతవి, కానీ అన్నీ కాలినడకన దొరుకుతాయి, ముసలివాళ్లుంటే పెద్దాసుపత్రి దగ్గరగా ఉండటం మామూలు ధైర్యం కాదు. ఇక్కడ చూసుకోవాల్సింది ఎత్తుపల్లాలు. సిరిపురం, ఆంధ్రా యూనివర్సిటీ వైపు అంతా మిట్ట, ఆ వైపు పేరే వాల్తేరు అప్‌ల్యాండ్స్, బీచ్‌కు దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్లు పడతాయి. ఫోన్లో మ్యాప్ 700 మీటర్లే అంటుంది గానీ అందులో ఎక్కుడు ఎంతో చెప్పదు. చిన్న వాల్తేరు, పెద్ద వాల్తేరు నాకు చాలా నచ్చుతాయి. పెద్ద వాల్తేరు జంక్షన్ చుట్టూ కిరాణాలు, కూరగాయలు, టిఫిన్ సెంటర్లు, కరకచెట్టు పోలమాంబ గుడి, కొంచెం కిందికి దిగితే లాసన్స్ బే, అక్కడి నుంచి సముద్రం. లాసన్స్ బే కాలనీ ప్రశాంతంగా ఉంటుంది, అయితే చాలా పనులకు పెద్ద వాల్తేరు వైపే రావాలి. ఎంవీపీ కాలనీ ప్లాను ప్రకారం కట్టింది, చాలావరకు చదునే, రైతుబజార్ లోపలే ఉంది, ఒక వైపు జాతీయ రహదారి, ఇంకో వైపు అప్పూఘర్ మీదుగా సముద్రం. మీ సెక్టారును బట్టి బీచ్ పది నిమిషాలూ కావచ్చు, అరగంటా కావచ్చు, అందుకే "ఎంవీపీలో ఇల్లు" అని ఎవరైనా చెబితే ఏ సెక్టారో అడగాలి.

సాగర్‌నగర్, రుషికొండ ఫొటోల్లో అన్నింటికన్నా అందంగా ఉంటాయి. నిజంగానూ అందంగానే ఉంటాయి, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చింది రుషికొండ బీచ్‌కే. ఐటీ కంపెనీలున్న కొండల మీద, గీతం యూనివర్సిటీలో పనిచేసేవాళ్లకు ఆఫీసు దగ్గర. కానీ అక్కడ బీచ్ రోడ్డు ఊరి వీధిలా ఉండదు, బండ్లు వేగంగా పోయే రోడ్డు, దుకాణానికీ దుకాణానికీ మధ్య ఖాళీ జాగా ఎక్కువ. భార్యాభర్తలిద్దరికీ బండ్లుండి, వారానికి ఒకసారి సామాను తెచ్చుకునే ఇంటికి బాగుంటుంది, చిన్నమ్మ లాంటివాళ్లకు మాత్రం కట్టేసినట్టు ఉంటుంది. భీమిలి సంగతి వేరు. డచ్చివాళ్ల కాలం నాటి చిన్న ఊరు, ఊరి లోపల నడిచి బతకొచ్చు, రిటైరైనవాళ్లు ఇష్టపడతారు. కానీ సిటీలో ఉద్యోగమైతే రోజూ అంత దూరం రాకపోకలు చేయడం కష్టం.

చెన్నైలో నేలంతా చదును, ఎక్కుడు దిగుడు గొడవ లేదు. అక్కడ చూడాల్సింది పాత ఊరు ఎక్కడుంది, పెద్ద రోడ్డు ఎక్కడుంది అని. తిరువాన్మియూర్‌లో మరుందీశ్వరుడి గుడి చుట్టూ మాడవీధుల్లో పూలు, కూరగాయలు, పాత్రలు, మందులు అన్నీ దొరుకుతాయి, గుడి చుట్టూ పెరిగిన ఊళ్లన్నీ కాలినడక కోసం పుట్టినవే కదా. అక్కడి నుంచి తూర్పుకు వెళ్తే వాల్మీకి నగర్, ఆ చివర సముద్రం. పడమరకు వెళ్తే తిరువాన్మియూర్ లోకల్ రైల్వే స్టేషను, దాన్ని ఆనుకునే టైడల్ పార్కు. ఐటీ ఉద్యోగి బండి లేకుండా బతకగలిగిన బీచ్ పేట ఏదంటే నా మనసులో మొదట వచ్చేది ఇదే. బెసెంట్ నగర్ చెట్ల నీడ ఉన్న వీధులు, ఇలియట్స్ బీచ్, పక్కనే అడయార్, చివర బస్ టెర్మినస్, చాలా బాగుంటుంది, కిరాయి కూడా ఆ అందానికి తగ్గట్టే ఉంటుంది. రైలు స్టేషను మాత్రం లేదు. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 దాకా వేళంకణ్ణి మాత పండగకు జనం పోటెత్తుతారు, ఆ రోజుల్లో బయటికి కదలడం కష్టం. మైలాపూర్ నుంచి సముద్రం కాస్త దూరమే, అయినా నడకకు అలవాటైనవాళ్లు శాంథోమ్ దాకా వెళ్లిరావచ్చు. పాలవాక్కం, నీలాంకరై వైపు ఇళ్లు విశాలంగా ఉంటాయి గానీ మధ్యలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఉంటుంది. సముద్రం రోడ్డుకు అటు, మీ పాలబూతు ఇటు. రోజూ ఆ రోడ్డు దాటాలి. ఇంటి నుంచి బడికి ఎన్ని పెద్ద రోడ్లు దాటాలి అనేది దూరం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

నీళ్ల దగ్గరికి వస్తే మనవాళ్లు బోరు ఉందా అని అడిగి ఊరుకుంటారు, తీరంలో ఆ ఒక్క ప్రశ్న చాలదు. ఇసుక నేలలో మంచినీళ్లు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి, మంచినీరు తేలిక కాబట్టి. లెక్క ప్రకారం భూగర్భ నీటిమట్టం సముద్రమట్టం కన్నా 1 మీటరు ఎత్తులో ఉంటే కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీళ్లు నిలుస్తాయి. అంటే అపార్ట్‌మెంట్లన్నీ మోటార్లు వేసి పైమట్టం ఒక మీటరు దింపితే కింద నుంచి ఉప్పునీరు దానికి ఎన్నో రెట్లు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. ఒడ్డుకు దగ్గరయ్యే కొద్దీ ఈ ముప్పు ఎక్కువ. 2019 ఎండాకాలంలో చెన్నైకి నీళ్లిచ్చే జలాశయాలు దాదాపు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెంట పడింది, మీంజూరు, నెమ్మేలి దగ్గర సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంట్లు ఉండీ ఆ పరిస్థితి. అందుకని ఓనరును అడగాల్సింది: మున్సిపల్ నీళ్లు రోజూ వస్తాయా, సంపు ఎంత, మే నెలలో ట్యాంకర్లు వేయిస్తారా, వాటి డబ్బు మెయింటెనెన్స్‌లోనా విడిగానా. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే చిన్న టీడీఎస్ మీటరు ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది, జేబులో పెట్టుకుని వెళ్లి కుళాయి నీళ్లలో ముంచండి. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాములు మంచి హద్దు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. వాచ్‌మన్‌ను విడిగా అడిగితే ఓనరు చెప్పనివి కూడా తెలుస్తాయి.

వాతావరణం గురించి మనకు ఒక భ్రమ ఉంటుంది, వరంగల్ మే ఎండ తట్టుకున్నవాళ్లకు వైజాగ్ ఒక లెక్కా అని. మన ఎండ పొడి ఎండ, చెమట పట్టి ఆరిపోతుంది, ఆరడం వల్లే ఒళ్లు చల్లబడుతుంది. తీరంలో గాలి నిండా తేమ, చెమట ఆరదు, ఉష్ణోగ్రత 35 ఉన్నా ఉక్కపోతకు ప్రాణం విసిగిపోతుంది. ఇంట్లో ఉన్న కూలర్ లారీలో వేసుకుని వెళ్లకండి, తడి గాలిలో కూలర్ పని చేయదు, ఇంకా జిగట పెంచుతుంది. అక్కడ కావాల్సింది గాలి ఆడే ఇల్లు. పగలు నేల వేడెక్కి సముద్రం నుంచి గాలి లోపలికి వీస్తుంది, ఆ గాలి ముందు ఒడ్డున తగిలి తర్వాత లోపలికి పోతుంది. ఒడ్డున వరసగా పెద్ద బిల్డింగులుంటే వెనక వీధులకు అది అందదు. అందుకే సముద్రానికి నేరుగా దిగే వీధిలో ఇల్లు చూడండి, ఒడ్డుకు సమాంతరంగా పోయే వీధి కన్నా అందులో గాలి బాగా వస్తుంది. వైజాగ్ తీరం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సముద్రం సరిగ్గా తూర్పున కాదు, ఆగ్నేయం వైపు, కిటికీల దిక్కు చూసేటప్పుడు అది గుర్తుంచుకోవాలి. చెన్నైలో మే, జూన్‌లో పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి మధ్యాహ్నం దాకా రాదు, అలాంటి రోజు నడక మానుకోవడమే మంచిది.

నడక వేళలూ మారతాయి. వైజాగ్ మనకన్నా తూర్పున ఉంది కాబట్టి పొద్దు పావుగంట ముందే పొడుస్తుంది, మే చివర 5 గంటల 20 నిమిషాలకే సూర్యుడు. ఎదురుగా నీళ్లు తప్ప నీడ లేదు, ఆరున్నర దాటితే ఎండ మొహాన కొడుతుంది. సాయంత్రం మాత్రం మేలు, సూర్యుడు వెనక ఊరి వైపు దిగుతాడు, మేడల నీడ ఇసుక మీద పడుతుంది. కట్ట మీద పొద్దున ఏడింటికి తాపీగా నడిచే అలవాటు అక్కడ సాగదు.

పిల్లలున్న ఇంటివాళ్లు నీళ్ల జోలికి మాత్రం అస్సలు తేలిగ్గా పోవద్దు. చెరువులో, బావిలో ఈత నేర్చినవాళ్లు కూడా ఆర్కే బీచ్‌లో, మెరీనాలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒడ్డుకు వచ్చిన నీళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఒకచోట సన్నటి పాయగా గట్టిగా లోపలికి లాగుతాయి, దాంట్లో చిక్కినవాళ్లు ఒడ్డు వైపే ఈదబోయి అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ పాయ నుంచి బయటపడొచ్చు. రుషికొండ లాంటి చోట లైఫ్‌గార్డులు ఉంటారు, అది కూడా వాళ్లు ఉన్న వేళల్లోనే.

ఒడ్డు అక్కడే ఉంటుందనీ అనుకోవద్దు. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది, కాలువలో మట్టి కొట్టుకుపోయినట్టు. దానికి అడ్డంగా పోర్టు గోడలు కడితే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు కోత పడుతుంది. చెన్నై పోర్టుకు దక్షిణాన మెరీనా అంత వెడల్పు కావడానికీ, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయి రాళ్లు పోయాల్సి రావడానికీ కారణం ఒకటే. వైజాగ్‌లో పోర్టు ఆర్కే బీచ్‌కు దక్షిణాన ఉంది, అంటే ఆర్కే బీచ్ కోత పడే వైపు ఉంది, అందుకే అక్కడ పోర్టువాళ్లు తవ్వి తీసిన ఇసుకను తెచ్చి పోస్తుంటారు. కిరాయికి ఉండేవాళ్లకు ఇది పెద్ద టెన్షన్ కాదు. కొనేవాళ్లు మాత్రం ముప్పై ఏళ్ల లెక్కన ఆలోచించాలి. పైగా తీరంలో కట్టడాలకు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలున్నాయి, పోటు నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా వాటి పరిధి, ఏ చోట ఏం కట్టొచ్చో జోన్‌ను బట్టి మారుతుంది. అనుమతి కాగితం చూపించమంటే "తర్వాత చూద్దాం సార్" అనే బిల్డరు దగ్గర అడ్వాన్సు ఇవ్వకండి.

తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా వైజాగ్ మీదే తీరం దాటింది, చెట్లు, కరెంటు స్తంభాలు కూలి రోజుల తరబడి ఊరు చీకట్లో ఉంది. ఇల్లు చూసేటప్పుడు అప్పుడు ఈ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది అని పక్కింటి పెద్దవాళ్లను అడగండి. చెన్నైలో అయితే 2004 డిసెంబరు 26 సునామీ గురించి అడగండి. తీరం మనుషులు ఇలాంటివి బాగా గుర్తుపెట్టుకుంటారు, అడిగితే చూరు దగ్గర గుర్తు చూపించి మరీ చెబుతారు.

ఇంకొక మాట బాధగా చెప్పాలి. బీచ్ అంటే మనకు షికారు, పెద్ద జాలరిపేటలోనో, బెసెంట్ నగర్ పక్కన ఊరూర్ కుప్పంలోనో ఉన్న కుటుంబాలకు అది పని చేసే చోటు. పొద్దున్నే పడవలు వస్తాయి, వలలు ఆరతాయి, చేపల వాసన వస్తుంది. కొత్తగా ఫ్లాటు కొన్నవాళ్లు ఆ వాసన మీద ఫిర్యాదులు చేయడం చూస్తే నాకు కోపం వస్తుంది, వాళ్లు తరతరాలుగా అక్కడ ఉన్నారు, మనం నిన్న వచ్చాం. కొర్రమీను, బొచ్చె తప్ప తెలియని మన నాలుకకు వంజరం, చందువ రుచి నేర్పేది కూడా వాళ్లే. బుట్టలో చేప చెవి కింద ఎర్రగా ఉందా, కన్ను మెరుస్తోందా చూసుకుని ఆ అమ్మ దగ్గరే కొనుక్కుంటే సరిపోతుంది.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. చెన్నైలో పది నెలల అడ్వాన్సు అడగడం పాత అలవాటు, 2017 నాటి కొత్త చట్టం విడిగా ఒప్పందం లేకపోతే మూడు నెలలు మించొద్దంటుంది, కాబట్టి బేరమాడండి. బడి వయసు పిల్లలుంటే స్థానికత సంగతి ముందే తేల్చుకోవాలి, తెలంగాణ ఉద్యోగాలకు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు, ఇది బీచ్‌కు సంబంధించిన సంగతి కాదు గానీ ఎన్నేళ్లు అక్కడ ఉంటారన్నది దీనితో ముడిపడి ఉంది. ఊరికి రాకపోకలకు వైజాగ్ అయితే గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం వరంగల్‌లో ఎక్కి తెల్లారేసరికి దిగొచ్చు, పగలు వెళ్లాలంటే వందేభారత్ వరంగల్‌లో ఆగుతుంది. చెన్నైకి తమిళనాడు ఎక్స్‌ప్రెస్, జీటీ ఉన్నాయి.

ఇప్పటికిప్పుడు ఒక్క పేరు చెప్పమంటే, ముసలివాళ్లతో వెళ్లే కుటుంబానికి వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ రైతుబజార్ వైపు చదునైన వీధులు, ఇద్దరే ఉండే జంటకు పెద్ద వాల్తేరు, చెన్నైలో ఎవరికైనా తిరువాన్మియూర్ గుడి వీధులకూ వాల్మీకి నగర్‌కూ మధ్య జాగా. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక సాయంత్రం ఏడింటికి, వీలైతే వాన పడ్డ మర్నాడు, ఆ ఇంటి నుంచి కిరాణానికి, అక్కడి నుంచి మెడికల్ షాపుకు, అక్కడి నుంచి బీచ్‌కు, మళ్లీ ఇంటికి ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను వెంట తీసుకుని నడవండి. వీధి దీపాలు, కుక్కలు, నీళ్లు నిలిచే గుంతలు, ఫుట్‌పాత్ మీద పార్క్ చేసిన బండ్లు అన్నీ అప్పుడే కనిపిస్తాయి. వాళ్లు మధ్యలో ఎక్కడ ఆగి గోడ పట్టుకున్నారో చూడండి, ఆ చోటు బీచ్‌కన్నా ముందే వస్తే ఆ ఇల్లు వద్దు.